కొత్త సాఫ్ట్‌వేర్‌తో పాటు కొత్త పాస్‌వర్డ్ ఎందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో పాస్‌వర్డ్ జాగ్రత్తల మీద వచ్చిన వ్యాసం చదివాను. పుట్టినతేదీ పెట్టొద్దు, ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడొద్దు, కాగితం మీద రాయొద్దు, పక్కవాళ్లకు చెప్పొద్దు అని అందులో రాశారు. తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అదంతా పాస్‌వర్డ్ వాడే మనిషికి చెప్పిన జాగ్రత్తే. అన్నేసి పాస్‌వర్డ్‌లు ఆ మనిషి నెత్తిన ఎవరు పెడుతున్నారు, అవన్నీ నిజంగా అవసరమా అన్న ప్రశ్న అందులో ఎక్కడా రాలేదు. నేను గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కంప్యూటర్లు, నెట్‌వర్కు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగికి సంస్థలో ముందే ఉన్న ఒక్క ఖాతాతోనే అన్ని వెబ్ అప్లికేషన్లూ తెరుచుకోవాలన్నది నా మాట, దాని గురించే ఈ ఉత్తరం.

మా స్టాఫ్ నర్సు ఒకరు నైట్ డ్యూటీకి వచ్చారనుకోండి. వార్డులో కంప్యూటర్ తెరవడానికి ఒక లాగిన్. పేషెంటు వివరాలు, బిల్లింగ్ ఉండే ఆస్పత్రి సాఫ్ట్‌వేర్‌కి ఒకటి. ల్యాబ్ రిపోర్టులకు ఒకటి. ఎక్స్‌రేలు, స్కానింగులు చూడ్డానికి ఒకటి. ఫార్మసీకి మందుల ఇండెంట్ పెట్టాలంటే ఒకటి. డ్యూటీ చార్టుకూ సెలవులకూ మరొకటి. కంప్యూటర్‌ది తప్ప మిగిలినవన్నీ బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ అప్లికేషన్లే. ఒక్కోటి ఒక్కో కంపెనీ దగ్గర, ఒక్కో ఏడాది కొన్నది. ఒకదానికి 8 అక్షరాలు చాలు. ఇంకొకదానికి పెద్దక్షరం, అంకె, ఏదో ఒక గుర్తు ఉండి తీరాలి. ఒకటి నెలనెలా మార్చమంటుంది. ఇంకొకటి మూడుసార్లు తప్పు కొడితే లాక్ అయిపోతుంది, దాన్ని విప్పే మనిషి పగటి డ్యూటీలోనే ఉంటాడు.

నర్సింగ్ స్టేషన్‌లో మానిటర్ అడుగున చూస్తే ఒక మైక్రోపోర్ ప్లాస్టర్ ముక్క అంటించి ఉంటుంది. చేతికి పెట్టిన సెలైన్ సూది కదలకుండా వేసే ప్లాస్టరే. దాని మీద పెన్నుతో పాస్‌వర్డ్ రాసి ఉంటుంది. నెల మారితే పాత ముక్క పీకరు, దాని మీదే కొత్తది అంటిస్తారు. అంచు పట్టుకుని లేపితే కింద పాతవి వరసగా కనిపిస్తాయి. వార్డు పేరు, పక్కన ఒకటి. వార్డు పేరు, పక్కన రెండు. వార్డు పేరు, పక్కన మూడు. పాస్‌వర్డ్ తరచుగా మార్పిస్తే భద్రత పెరుగుతుందని నమ్మేవాళ్లకు ఆ ప్లాస్టర్ దొంతర చూపించాలనిపిస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే తన మార్గదర్శకాల్లో, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని చెప్పేసింది. ఆ మాట మన దగ్గర సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల చెవికి ఇంకా చేరినట్టు లేదు.

ఆ సిస్టర్‌ని మందలించి ప్రయోజనం లేదు. ఒక పక్క ఆయాసంతో కొట్టుకుంటున్న పేషెంటు, ఇంకో పక్క ఫోన్లో డ్యూటీ డాక్టర్, మధ్యలో “యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు” అని ఎర్రక్షరాలు. ఆ స్థితిలో ఎవరైనా పక్క సిస్టర్ లాగిన్ అడుగుతారు. అడిగితే ఇవ్వకుండా ఎవరూ ఉండరు. ఉండకూడదు కూడా, అక్కడున్నది రోగి ప్రాణం.

నేను చెప్పదలచుకున్నదల్లా ఆ మొదటి లాగిన్ గురించి, అంటే వార్డులో కంప్యూటర్ తెరవడానికి వాడేదాని గురించి. కాస్త పెద్ద ఆస్పత్రి, ఇంజినీరింగ్ కాలేజీ, బ్యాంకు, కంపెనీ ఏది తీసుకున్నా, నెట్‌వర్కులో ఉద్యోగుల ఖాతాలన్నీ ఒకచోట ఉండే డైరెక్టరీ ఒకటి సాధారణంగా ఉంటుంది. విండోస్ సర్వర్లు వాడే చోట దాని పేరు యాక్టివ్ డైరెక్టరీ. 2000 సంవత్సరంలో విండోస్ 2000తో వచ్చింది. లినక్స్ వాడే చోట ఓపెన్‌ఎల్‌డాప్ లాంటివి ఉంటాయి. ఉద్యోగి చేరిన రోజు హెచ్‌ఆర్ నుంచి మాకు కాగితం వస్తుంది, ఖాతా తెరుస్తాం. రిలీవ్ అయిన రోజు ఇంకో కాగితం వస్తుంది, మూసేస్తాం. మనిషి ఎవరు, ఏ విభాగం, ఇంకా ఉద్యోగంలో ఉన్నారా లేదా అన్నది ఆ ఒక్కచోట ఎప్పటికప్పుడు సరిగ్గా ఉంటుంది. అది సరిగ్గా ఉండటానికి జీతం తీసుకునే మనుషులున్నారు.

అలాంటప్పుడు ల్యాబ్ రిపోర్టుల వెబ్ అప్లికేషన్ తన సొంత యూజర్ల పట్టిక, సొంత పాస్‌వర్డ్‌లు ఎందుకు పెట్టుకోవాలి? వచ్చిన మనిషి ఎవరో ఆ డైరెక్టరీని అడిగితే సరిపోతుంది. ఇదేమీ నిన్న కనిపెట్టిన సంగతి కాదు. డైరెక్టరీలకు ఎక్స్.500 అనే అంతర్జాతీయ ప్రమాణం 1988లో వచ్చింది. అది మామూలు కంప్యూటర్లు మోయలేనంత బరువుగా ఉందని అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన టిమ్ హౌస్, ఇంకొందరు కలిసి తేలికపాటి పద్ధతి ఒకటి తయారుచేశారు. అదే ఎల్‌డాప్. 1993లో బయటికొచ్చింది, 1997లో మూడో వెర్షన్ వచ్చింది, ఇవాళ్టికీ వాడుతున్నది ఆ మూడో వెర్షనే. పీహెచ్‌పీ, జావా, పైథాన్, డాట్‌నెట్ ఏ భాషలో రాసే వెబ్ అప్లికేషన్‌కైనా ఎల్‌డాప్‌తో మాట్లాడే లైబ్రరీలు ఏనాటి నుంచో ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా మొన్న మేం చూసిన ఒక డెమోలో, మా డైరెక్టరీతో లాగిన్ అవ్వాలని అడిగితే, “అది కస్టమైజేషన్ మేడమ్, విడిగా ఎస్టిమేట్ ఇస్తాం” అన్నారు. విదేశీ కంపెనీల్లోనూ కొన్ని ఈ సదుపాయాన్ని ఖరీదైన ప్లాన్‌లోనే ఇస్తాయి. కారుకు బ్రేకులు వేయడానికి ఎవరూ విడిగా డబ్బు అడగరు. దీనికి మాత్రం అడుగుతున్నారు, మనమూ ఇస్తున్నాం, లేదంటే వద్దులే అని వదిలేస్తున్నాం.

వదిలేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలిసిన ఒక ఆస్పత్రిలో కళ్లారా చూశాను. ఒక రాత్రి ఐసీయూలో డ్యూటీ డాక్టర్‌కు ఒక పేషెంటు పొటాషియం 6.8 అని రిపోర్టు వచ్చింది. అంత ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఈసీజీ చూస్తే మామూలుగా ఉంది. శాంపిల్‌లో రక్తకణాలు పగిలి ఉంటే పొటాషియం అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది కాబట్టి, ఆ అనుమానంతో ఆయన ల్యాబ్‌కి ఫోన్ చేశారు. “బాబూ, ఈ రిపోర్టు ఎవరు అప్రూవ్ చేశారు?” అవతలి కుర్రాడు స్క్రీన్ మీద ఉన్న పేరు చదివాడు. “అతను మానేసి దుబాయ్ వెళ్లిపోయాడు కదయ్యా!” అన్నారు డాక్టర్ గారు.

నిజమే, ఆ టెక్నీషియన్ మానేసి చాలా నెలలైంది. రిలీవ్ అయిన సాయంత్రమే అతని నెట్‌వర్క్ ఖాతా మూసేశారు. ఆ తర్వాత ఆ పేరుతో అక్కడ ఏ కంప్యూటరూ తెరుచుకోదు. కానీ ల్యాబ్ అప్లికేషన్‌లో యూజర్ని తీసేసే అధికారం అమ్మిన కంపెనీ చేతిలోనే ఉంది. మెయిల్ పెడితే టికెట్ రైజ్ చేయమన్నారు, చేసిన టికెట్ అలాగే ఉండిపోయింది. అతను సీనియర్ కాబట్టి రిపోర్టులు అప్రూవ్ చేసే హక్కు అతని లాగిన్‌కి ఉంది, కొత్తగా చేరినవాళ్లకు ఇంకా ఇవ్వలేదు. పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. పని ఆగకూడదని ఆ లాగిన్‌తోనే నడిపించేస్తున్నారు. మళ్లీ శాంపిల్ తీసి చేస్తే పొటాషియం మామూలుగానే ఉంది, పేషెంటుకు ఏమీ కాలేదు. కానీ ఆ రిపోర్టు ఆ రాత్రి ఉన్నవాళ్లలో ఎవరు వదిలారో తేల్చడం ఎవరి వల్లా కాలేదు. అందరూ ఒకే పేరుతో లోపలున్నారు మరి. ఆ డాక్టర్ గారికి అనుమానం రాకపోయి ఉంటే, పొటాషియం దించే మందు మొదలుపెట్టేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకిప్పటికీ టెన్షనే.

ఇలాంటి మిగిలిపోయిన ఖాతా ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఒకటుంది. 2021 మే నెలలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ అనే కంపెనీ మీద, కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఆ దేశపు తూర్పు తీరానికి వెళ్లే ఇంధనంలో దాదాపు 45 శాతం ఆ పైపుల్లోంచే వెళ్తుంది. పైప్‌లైన్ ఆపేశారు, పెట్రోలు బంకుల దగ్గర క్యూలు కట్టారు, దాడి చేసినవాళ్లకు సుమారు 44 లక్షల డాలర్లు కట్టారు. దొంగలు లోపలికొచ్చిన దారి ఏమిటంటే, బయటి నుంచి కంపెనీ నెట్‌వర్కులోకి రావడానికి వాడే వీపీఎన్‌లో, వాడకంలో లేదనుకున్న ఒక పాత ఖాతా. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా, ఫోన్‌కి వచ్చే కోడ్ లాంటి రెండో తనిఖీ లేదు. కంపెనీ అధిపతి జోసెఫ్ బ్లౌంట్ ఆ మరుసటి నెలే అమెరికా సెనేట్ కమిటీ ముందు ఆ పాత ఖాతా సంగతి చెప్పారు. ఎవరూ పట్టించుకోని ఖాతా ఒకటి బతికి ఉండటం ఎంత ప్రమాదమో అంత పెద్ద కంపెనీకే అలా తెలిసింది. మన ఆస్పత్రుల్లో, కాలేజీల్లో ఉన్న ఒక్కో వెబ్ అప్లికేషన్‌లోనూ అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క తీసేవాళ్లు లేరు.

మన దేశంలో కూడా 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు జారీ చేసింది. సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, సిస్టమ్ లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో కంప్యూటర్ రాసుకునే చిట్టాలు, 180 రోజులు దాచి ఉంచాలి అని. లాగ్ దాచడం కష్టం కాదు, డిస్కు ఉంటే చాలు. కానీ దుబాయ్‌లో ఉన్న మనిషి రాత్రి ఇక్కడి ల్యాబ్‌లో రిపోర్టు అప్రూవ్ చేసినట్టు రాసి ఉన్న లాగ్‌ని 180 రోజులు దాచి ఏం చేసుకుంటాం?

ఇక ఈ పని ఎలా జరగాలో కూడా చెప్పాలి. ఎందుకంటే “మా దాంట్లో డైరెక్టరీ ఇంటిగ్రేషన్ ఉంది” అని చెప్పి, తీరా చూస్తే ఉద్యోగుల పేర్లు ఎక్సెల్ షీట్‌లోంచి ఎక్కించి అందరికీ కొత్త పాస్‌వర్డ్‌లు పంచిపెట్టేవాళ్లు ఉన్నారు. అది ఇంటిగ్రేషన్ కాదు. అసలు పద్ధతి ఇది. మనిషి తన పేరు, పాస్‌వర్డ్ కొడతాడు. అప్లికేషన్ ముందు ఒక మామూలు సర్వీస్ ఖాతాతో, అంటే మనుషులు కాక అప్లికేషనే వాడుకునే ఖాతాతో, డైరెక్టరీలో ఆ పేరు వెతికి ఆ ఖాతా అందులో ఎక్కడుందో చెప్పే పూర్తి చిరునామా తెలుసుకుంటుంది. తర్వాత ఆ చిరునామా, ఇప్పుడు కొట్టిన పాస్‌వర్డ్ కలిపి డైరెక్టరీకి ఇచ్చి, సరైనదేనా అని అడుగుతుంది. దీన్ని బైండ్ అంటారు. డైరెక్టరీ సరే అంటే లోపలికి రానిస్తుంది. పాస్‌వర్డ్‌ని అప్లికేషన్ ఎక్కడా రాసిపెట్టుకోదు. రేపు ఖాతా మూసేస్తే డైరెక్టరీ కాదంటుంది, అప్లికేషన్ కంపెనీకి మెయిల్ పెట్టక్కర్లేదు, టికెట్ రైజ్ చేయక్కర్లేదు.

చెప్పడానికి ఇంతే. చేయడంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఖాళీ పాస్‌వర్డ్ సంగతి. పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి బైండ్ అడిగితే, ఎల్‌డాప్ నియమాల ప్రకారం అది ‘ఎవరో తెలియని మనిషి’ కింద వచ్చిన అభ్యర్థన. యాక్టివ్ డైరెక్టరీతో సహా కొన్ని సర్వర్లు మామూలు సెట్టింగుల్లో దానికి ‘సరే’ అనే జవాబిస్తాయి. ఆ సరేని చూసి అప్లికేషన్ మోసపోయిందంటే, సూపరింటెండెంట్ పేరు కొట్టి పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలేసినవాడు కూడా సూపరింటెండెంట్‌గా లోపలికెళ్లిపోతాడు. ఖాళీ పాస్‌వర్డ్‌ని అప్లికేషనే ముందుగా తిప్పికొట్టాలని 2006లో వచ్చిన ఎల్‌డాప్ భద్రతా పత్రంలో స్పష్టంగా రాసి ఉంది. అది చదవకుండా కోడ్ రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంకోటి, అప్లికేషన్ డైరెక్టరీతో పోర్టు 389 అనే మామూలు దారి మీద ఊరికే మాట్లాడితే పాస్‌వర్డ్ నెట్‌వర్కులో ఉన్నదున్నట్టు వెళ్తుంది. దారిలో వినేవాడికి వినిపించేస్తుంది. 636 మీద గానీ, 389 మీదే స్టార్ట్-టీఎల్‌ఎస్ అనే పద్ధతితో గానీ ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి పంపాలి. చాలామంది అదీ చేస్తారు, కానీ సర్వర్ గుర్తింపు పత్రం లాంటి సర్టిఫికెట్ మీద ఎర్రర్ వస్తుందని ‘వెరిఫై చేయొద్దు’ అన్న సెట్టింగ్ పెట్టేస్తారు. అప్పుడు అవతల ఉన్నది మన డైరెక్టరీయో, మధ్యలో దూరిన ఇంకొకడో అప్లికేషన్‌కి తెలిసే దారి లేదు.

సర్వీస్ ఖాతా మాట కూడా చెప్పాలి. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన అబ్బాయిలు చాలా మామూలుగా “డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పండి మేడమ్, కాన్ఫిగరేషన్‌లో పెట్టాలి” అంటారు. ఆ ఒక్క పాస్‌వర్డ్ ఉంటే ఆస్పత్రి నెట్‌వర్కు మొత్తం చేతిలో ఉన్నట్టే. దాన్ని వెబ్ సర్వర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెడతారట! పేర్లు వెతకడానికి ఏ ప్రత్యేక హక్కూ లేని మామూలు ఖాతా చాలు. మేం ఎప్పుడూ అదే ఇస్తాం. ఇవ్వనన్నందుకు ఒకరిద్దరు మా మేనేజ్‌మెంట్‌కి ఫిర్యాదు కూడా చేశారు.

మన పేర్ల వల్ల వచ్చే చిక్కు విడిగా చెప్పాల్సిందే, పైదేశాల్లో రాసిన పుస్తకాల్లో ఇది ఉండదు. యాక్టివ్ డైరెక్టరీలో పాతకాలపు లాగిన్ పేరు 20 అక్షరాలు దాటకూడదు. వెంకటసత్యనారాయణమూర్తి అని ఇంగ్లీషులో రాస్తే 26 అక్షరాలు. సరిగ్గా 20 దగ్గర ‘సత్యనారాయణ’ పూర్తయి, ‘మూర్తి’ బయట నిలబడిపోతుంది. అప్లికేషన్ పూర్తి పేరు కోసం వెతుకుతుంది, డైరెక్టరీ అలాంటివాళ్లు లేరంటుంది. ఆయన వచ్చి కంప్యూటర్ పాడైందని మాతో గొడవ. ఇక నర్సింగ్ విభాగంలో కె.లక్ష్మిలు ఎప్పుడూ ఒకరికంటే ఎక్కువే ఉంటారు. ఒక కె.లక్ష్మి మానేశాక అదే లాగిన్ పేరు కొత్తగా చేరిన కె.లక్ష్మికి ఇచ్చారనుకోండి. అప్లికేషన్ పేరుని బట్టే మనిషిని గుర్తుపట్టేదైతే, పాత సిస్టర్ చేసిన ఎంట్రీలు, ఆమెకున్న హక్కులు అన్నీ కొత్తామెవి అయిపోతాయి. ఈమె చేరకముందు ఇచ్చిన మందుకు ఈమె జవాబు చెప్పాల్సి వస్తుంది. అందుకే డైరెక్టరీ ప్రతి ఖాతాకూ తనంతట తాను ఇచ్చే, మళ్లీ ఇంకొకరికి ఇవ్వని గుర్తింపు సంఖ్యతోనే అప్లికేషన్ మనిషిని గుర్తుపెట్టుకోవాలి. లాగిన్ పేరుగా ఉద్యోగి నంబరు పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ఇంకా మంచి పద్ధతులున్నాయి. వాటిలో పాస్‌వర్డ్ అసలు అప్లికేషన్ చేతికే పోదు. అమెరికాలో ఎంఐటీ వాళ్లు 1980ల్లో తయారుచేసిన కెర్బెరోస్ అలాంటిదే. మన ఆస్పత్రుల్లో బిల్లింగ్ కౌంటర్‌లో ఒకసారి డబ్బు కట్టి చీటీ తీసుకుంటే, ల్యాబ్‌లోనూ ఎక్స్‌రేలోనూ ఆ చీటీ చూపిస్తారు తప్ప పర్సు తీయరు కదా, అలాగన్నమాట. పొద్దున కంప్యూటర్ తెరిచినప్పుడు దొరికిన టికెట్‌తోనే వెబ్ అప్లికేషన్లు కూడా తెరుచుకుంటాయి. మామూలుగా ఆ టికెట్ 10 గంటలు పనిచేస్తుంది. గడియారాలు మాత్రం కలవాలి. 5 నిమిషాలకు మించి తేడా ఉంటే కుదరదంటుంది. మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీ అయిపోయి టైము వెనక్కి పోయిన కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ అవ్వదు. గడియారాలు కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో కలిపి ఉంచాలని సెర్ట్-ఇన్ ఆదేశాల్లోనూ ఉంది కాబట్టి అది ఎలాగూ చేయాల్సిన పనే. బయటి కంపెనీల క్లౌడ్‌లో ఉండే అప్లికేషన్లకైతే 2005లో వచ్చిన శామ్ల్ 2.0, 2014లో వచ్చిన ఓపెన్ ఐడీ కనెక్ట్ అనే పద్ధతులు సరిపోతాయి. వాటిలో లాగిన్ పేజీ మనదే ఉంటుంది, అప్లికేషన్‌కి మన సంతకం ఉన్న జవాబు మాత్రమే వెళ్తుంది. కీక్లోక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని మన డైరెక్టరీకి తగిలిస్తే ఈ రెండూ వచ్చేస్తాయి. కేంద్ర ప్రభుత్వంలో ఎన్‌ఐసీ వాళ్ల పరిచయ్ కూడా ఈ దారిలోదే, ప్రభుత్వ మెయిల్ ఖాతా ఉన్న ఉద్యోగి దానితోనే అనేక ప్రభుత్వ అప్లికేషన్లలోకి వెళ్లొచ్చు. అక్కడ సాధ్యమైంది మన ఊరి ఆస్పత్రిలో ఎందుకు కాదు?

దీనికి అడ్డు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయలేం. ఒక్క పాస్‌వర్డ్ పోతే అన్నీ పోతాయి కదా అంటారు. అవును. అందుకే ఆ ఒక్కదానికి రెండో తనిఖీ పెట్టాలి, ఫోన్లో వచ్చే కోడో, కంప్యూటర్‌కి గుచ్చే చిన్న కీయో. అన్ని లాగిన్లకూ విడివిడిగా రెండో తనిఖీ పెట్టమంటే ఏ సంస్థా పెట్టదు, ఒకదానికైతే పెట్టగలదు. డైరెక్టరీ పడిపోతే ఆస్పత్రి అంతా ఆగిపోతుంది అంటారు. అదీ నిజమే. కనీసం రెండు సర్వర్లు ఉండాలి, రెండూ ఒకే గదిలో ఒకే యూపీఎస్ మీద ఉండకూడదు. దానితో పాటు ప్రతి ముఖ్యమైన అప్లికేషన్‌లోనూ డైరెక్టరీతో సంబంధం లేని అత్యవసర ఖాతా ఒకటి ఉంచి, దాని పాస్‌వర్డ్ సీలు వేసిన కవర్‌లో సూపరింటెండెంట్ గారి బీరువాలో పెట్టాలి. కవర్ తెరిస్తే రిజిస్టర్‌లో రాయాలి, ఆ పూట పని అయ్యాక పాస్‌వర్డ్ మార్చి కొత్త కవర్ పెట్టాలి. ఇంకో ఇబ్బంది ఎక్కువమందికి తట్టదు. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న అప్లికేషన్‌లో ఎవడో బయటివాడు కావాలని తప్పు పాస్‌వర్డ్‌లు కొడుతూ పోతే, డైరెక్టరీ మన వాళ్ల ఖాతాలనే లాక్ చేస్తుంది. పొద్దున్నే డాక్టర్లు కంప్యూటర్ కూడా తెరవలేరు. బయటి నుంచి వచ్చే ప్రయత్నాలను అప్లికేషన్ దగ్గరే ఆపే ఏర్పాటు చేయకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

ఎవరో తెలిసినంత మాత్రాన అన్నీ చూడనివ్వడం కూడా తప్పే. డైరెక్టరీలో ఖాతా క్యాంటీన్ సూపర్‌వైజర్‌కీ ఉంటుంది, ఆయన ల్యాబ్ రిపోర్టులు చూడకూడదు. డైరెక్టరీలో గ్రూపులుంటాయి కాబట్టి, ‘ల్యాబ్ అప్రూవల్’ గ్రూపులో ఉన్నవాళ్లకే అప్రూవ్ బటన్ కనిపించేలా కట్టుకోవాలి. కొత్త టెక్నీషియన్‌కి హక్కు ఇవ్వడం మా చేతిలో రెండు నిమిషాల పని అయి ఉంటే, దుబాయ్ వెళ్లినాయన పేరు అవసరం వచ్చేదే కాదు.

ఖర్చు మాట. విండోస్ సర్వర్ లైసెన్సులు కొనలేని చిన్న ఆస్పత్రులు, కాలేజీలు ఓపెన్‌ఎల్‌డాప్ వాడుకోవచ్చు. సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2012 డిసెంబరులో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి యాక్టివ్ డైరెక్టరీ సర్వర్‌గా కూడా పనిచేస్తోంది. చూసుకునే మనిషి ఒకరు కావాలి, అంతే. ఆ మనిషిని పెట్టుకోకుండా సాఫ్ట్‌వేర్ మీద సాఫ్ట్‌వేర్ కొనడమే మన దగ్గర జరుగుతోంది.

కాబట్టి ఆస్పత్రి యాజమాన్యాలకు, కాలేజీ ప్రిన్సిపాళ్లకు, పురపాలక సంఘాల్లో టెండర్లు రాసేవాళ్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. కొత్త వెబ్ అప్లికేషన్ కొనే ముందు, మా డైరెక్టరీ ఖాతాలతోనే లాగిన్ అవ్వాలి, దానికి విడిగా డబ్బు ఇవ్వం, ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు మీ డేటాబేస్‌లో ఉండకూడదు అని కొనుగోలు షరతుల్లో రాయండి. కొన్నాక అడిగితే ఎవరూ పలకరు, చెక్కు చేతిలో ఉన్నప్పుడే అడగాలి. రాసి ఊరుకోకుండా డెమో రోజు మీ సిస్టమ్ అడ్మిన్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. పరీక్ష కోసం తెరిచిన ఖాతాతో లాగిన్ అవ్వమనండి. అది అయ్యాక అదే పేరు పెట్టి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలి నొక్కమనండి, తలుపు తెరుచుకుంటే ఆ అప్లికేషన్‌ని అక్కడే ఆపేయండి. తర్వాత మీ అడ్మిన్ చేత డైరెక్టరీలో ఆ ఖాతా మూయించి, మళ్లీ లాగిన్ అవ్వమనండి. ముందే లోపలున్న స్క్రీన్ ఎంతసేపటికి బయటికి నెట్టేస్తుందో కూడా గడియారం పెట్టి చూడండి. కొన్ని అప్లికేషన్లు ఖాతా మూసేసినా పాత స్క్రీన్‌ని రోజుల తరబడి నడవనిస్తాయి.

మా ఆస్పత్రిలో కొత్తగా కొనబోయే ఫార్మసీ అప్లికేషన్‌కి ఈ షరతులు తెలుగులో రాసి పెట్టుకున్నాం. ఎవరికైనా కావాలంటే మీ కార్యాలయానికి పంపుతాను, దయచేసి అడిగినవాళ్లకు అందజేయండి.

ఇట్లు,
ఒక ఆస్పత్రి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
గోదావరి జిల్లాల నుంచి
(నా పేరు, పనిచేసే చోటు ప్రచురించవద్దని మనవి)